రిపోర్టు నార్మల్ అంటే ఏ పరీక్ష నార్మల్?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మూడు నెలలుగా తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది, పొత్తికడుపులో నొప్పి, కలయిక తర్వాత ఒక్కోసారి రక్తం కనిపిస్తోంది. హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్, మూత్ర పరీక్ష, పాప్ స్మియర్ అన్నీ నార్మల్ అని వచ్చాయి. లైంగికంగా సోకే జబ్బులేవీ లేవని ధైర్యంగా ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అప్పుడే కాదమ్మా. మీరు చేయించుకున్నవి అవసరమైన పరీక్షలే, కానీ మీ లక్షణాలు వింటే ముందు అనుమానించాల్సిన క్లమీడియా, గనేరియా అనే లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్ల కోసం ఎవరూ వెతికినట్టు లేదు. వీడీఆర్‌ఎల్ సిఫిలిస్ కోసం చేసేది. పాప్ స్మియర్ గర్భాశయ ముఖద్వారం కణాల్లో మార్పులు చూడటానికి. మామూలు మూత్ర పరీక్షలో చీము కణాలు కనిపించొచ్చేమో గానీ ఈ క్రిములు తెలియవు.

మీకు కావలసింది నాట్ (NAAT) అనే పరీక్ష. క్రిమి జన్యుపదార్థం కొంచెమే ఉన్నా దాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకుంటుంది, కోవిడ్ రోజుల్లో అందరం విన్న పీసీఆర్ ఈ రకానిదే. ఆడవాళ్లకు దీనికి యోని నుంచి దూదిపుల్లతో తీసే స్వాబ్ మేలు, మూత్రంతో చేస్తే 10 శాతం దాకా కేసులు తప్పిపోవచ్చు. సిగ్గుతో పరీక్షే మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఈ స్వాబ్ ఎవరికి వారే తీసుకున్నా ఫలితం డాక్టర్ తీసినంత బాగానే వస్తుంది. మూత్రమే ఇవ్వాల్సి వస్తే గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఆగి, మొదటి ధార పట్టి ఇవ్వండి.

లైంగికంగా సోకే మరో క్రిమి ట్రైకోమోనాస్ గురించి కూడా అడగండి. స్లైడు మీద మైక్రోస్కోపుతో చూసే పాత పద్ధతిలో క్రిమి కదులుతూ కనిపించాలి, ల్యాబ్‌కి చేరడం ఆలస్యమైతే ఆ కదలిక ఆగిపోతుంది, అందుకే చాలా కేసులు దొరక్కుండా పోతాయి. దీనికీ నాట్ ఉంది. క్లమీడియా యాంటీబాడీల రక్తపరీక్ష మాత్రం వద్దు, అది ఎప్పుడో వచ్చి పోయిందో ఇప్పుడు ఉందో చెప్పలేదు.

నొప్పి ఉంది కాబట్టి స్వాబ్ ఒక్కటే చాలదు, డాక్టర్ లోపలి పరీక్ష చేయాలి, గర్భం ఉందేమో కూడా చూడాలి. ఇన్ఫెక్షన్ గర్భాశయానికి ఇరువైపులా ఉండే ట్యూబుల దాకా పాకిందని అనుమానం వస్తే రిపోర్టు కోసం ఆగకుండా మందులు మొదలుపెడతారు, ఆలస్యమైతే ట్యూబులు దెబ్బతిని పిల్లలు కలగడం కష్టమవుతుంది. జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: క్లమీడియాకి మందులు వాడాను. పది రోజులకు నాట్ చేయిస్తే మళ్లీ పాజిటివ్. మందు పనిచేయలేదా? మా ఆయనకు ఏ లక్షణాలూ లేవు, పరీక్షకు రానంటున్నారు, పైగా నన్నే అనుమానిస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: పది రోజులంటే చాలా తొందర. చచ్చిన క్రిముల జన్యుపదార్థం మూడు, నాలుగు వారాల దాకా మిగిలి ఉండొచ్చు, నాట్‌కి బతికిన క్రిమికీ చచ్చినదానికీ తేడా తెలియదు. మూడు నెలలకు మళ్లీ చేయించండి, గర్భిణి అయితే నాలుగు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి.

ఆయనకు లక్షణాలు లేకపోయినా చికిత్స తప్పదు, లేకపోతే మీకు మళ్లీ అంటుకుంటుంది. ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా, ఒక్క డోసు మందైతే ఆ తర్వాత ఏడు రోజులు, కలవకండి. ఇక అనుమానం సంగతి. క్లమీడియా నెలల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఎవరిలోనైనా ఉండిపోగలదు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష ఏ ల్యాబ్‌లోనూ లేదు. ఈ మాట మీ డాక్టర్ చేతనే ఆయనకు చెప్పించండి.