నీలి తారల వర్ణపటాలు తీయబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎం13 అనే గోళాకార తారాగుచ్ఛంలోని (లక్షల తారలు గోళంగా గుమిగూడిన సమూహంలోని) వేడి నీలి తారలను పరిశోధనకు ఎంచుకున్నావని తెలిసి సంతోషించాను. హాన్లేలోని హిమాలయన్ చంద్ర దూరదర్శినికి ఆ గుచ్ఛం దాదాపు నడినెత్తిన వస్తుంది కనుక ఎంపిక మంచిదే. అయితే ఉష్ణోగ్రతలు, ఉపరితల గురుత్వాలు లెక్కగట్టే ముందు స్పెక్ట్రోగ్రాఫ్ (వెలుగును వర్ణపటంగా విడదీసే పరికరం) స్లిట్‌లోకి, అంటే దాని సన్నని చీలికలోకి, వచ్చిన వెలుగు ఏ తారదో తేల్చుకో.

గుచ్ఛం నడిభాగంలో తారలు కిక్కిరిసి ఉంటాయి. పొరుగునున్న ఎర్ర దిగ్గజపు వెలుగు కలిస్తే, వేడి తారలో ఉండకూడని జి-పట్టీ (చల్లని తారల్లోని సీహెచ్ అణువుల గుర్తు) 4300 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర లీలగా కనిపిస్తుంది. అటువంటి వర్ణపటాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టు. కాల్షియం కె రేఖ (కాల్షియం వల్ల వర్ణపటంలో పడే నల్లని గీత) ఒక్కటే కనిపిస్తే మాత్రం కంగారు వద్దు, అది దారిలోని నక్షత్రాంతర వాయువుది కావచ్చు. ఎం13 సెకనుకు సుమారు 244 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తున్నందున తార సొంత రేఖ 3.2 ఆంగ్‌స్ట్రామ్‌ల మేర నీలం వైపు జరుగుతుంది. రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల తేడాను చూపగల స్పెక్ట్రోగ్రాఫ్ రెంటినీ విడదీస్తుంది. ఆ వేగమే సభ్యత్వానికి సాక్ష్యం, గయా ఉపగ్రహం కొలిచిన స్వీయచలనంతో (ఆకాశంలో తార పక్కకు జరిగే తీరుతో) సరిచూసుకుంటే చాలు.

అసలు చిక్కు సమాంతర శాఖ తారల (ఎర్ర దిగ్గజ దశ దాటి, కేంద్రంలో హీలియాన్ని మండిస్తున్న తారల) దగ్గర వస్తుంది. సుమారు 11,500 కెల్విన్లు దాటిన తారల బయటి పొరలు నిశ్చలంగా ఉండడం వల్ల హీలియం కిందికి దిగిపోతుంది, ఇనుమును కాంతి ఒత్తిడి పైకి నెడుతుంది. అందువల్ల గుచ్ఛంలో ఇనుము సూర్యునిలో ఉన్నదానిలో ముప్పయ్యో వంతే అయినా, వీటి ఉపరితలంపై సూర్యునితో సమానంగా, ఒక్కోసారి అంతకుమించి కనిపిస్తుంది. ఆ హద్దుకు ఇరువైపులా ఒకే నమూనా వాతావరణాలు (తార బయటి పొరలకు లెక్కగట్టిన నమూనాలు) వాడితే హైడ్రోజన్ బామర్ రేఖల నుంచి వచ్చే గురుత్వం తక్కువగా తేలి, ద్రవ్యరాశి కూడా తగ్గిపోతుంది. గురుత్వపు లాగరిథమ్‌లో 0.1 తేడా వస్తే ద్రవ్యరాశి పావువంతు మారుతుందని మరువకు. చాలామంది గణాంక దోషాన్ని మాత్రమే రాసి ఊరుకుంటారు, నాకది నచ్చదు. నమూనా మార్చితే విలువ ఎంత కదిలిందో కూడా పట్టికలో చూపించు.

మొదట సుమారు 13వ మ్యాగ్నిట్యూడ్ ప్రకాశంతో కనిపించే బర్నార్డ్ 29 అనే తారను తీసుకో. ఆ గుచ్ఛంలో అత్యంత ప్రకాశవంతమైన నీలి తార అదే. దిగ్గజ దశలన్నీ ముగించుకున్న ఆ తార ఉష్ణోగ్రత సుమారు 20,000 కెల్విన్లు, గురుత్వం చాలా తక్కువ. కనుక స్థానిక ఉష్ణగతిక సమతౌల్యాన్ని (ప్రతి చోటా పరమాణువుల స్థితిని అక్కడి ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుందని) ఊహించుకున్న నమూనాలు దానికి సరిపోవు. ఇప్పటికే ప్రచురితమైన విలువలతో నీవి కలిశాకే మసక తారల జోలికి వెళ్లు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు