బొటనవేలు నొప్పికి కెరీర్ మార్చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఫిజియోథెరపీ చివరి ఏడాది. మాన్యువల్ థెరపీలోనే, అంటే చేతులతో నొక్కి, కదిలించి చేసే వైద్యంలోనే ఉంటానంటోంది. ఇప్పటికే చేతి బొటనవేలు నొప్పి అంటోంది. చేతులు పాడైపోతే తర్వాత ఏం చేస్తుంది? ఆన్‌లైన్‌లో ఎర్గోనామిక్స్ (ఒంటికి ఇబ్బంది లేకుండా పని తీరునూ, పని చోటునూ అమర్చే విద్య) సర్టిఫికెట్ చేయించి ఆఫీసుల వైపు పంపిద్దామనుకుంటున్నాం. రెండింట్లో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: ముందు ఒక మాట. నొప్పి అన్న పిల్లను డాక్టరుకు చూపించారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. నొప్పి నుంచి తిన్నగా కెరీర్ మీదికి దూకేశారు. 'చేయించి', 'పంపిద్దాం' అన్నారు గానీ, దానికి ఆమె ఏమందో రాయలేదు.

మీ భయం ఉత్తదేమీ కాదు. 2000లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా సర్వేలో, ప్రతి ఆరుగురు ఫిజియోల్లో ఒకరు ఇలాంటి నొప్పుల వల్లే పని మార్చుకున్నారు లేదా వృత్తే వదిలేశారు. చాలామందికి ఈ బాధ మొదటి ఐదేళ్లలోనే మొదలవుతుంది. కొత్తవాళ్లు సీనియర్ ముందు నొప్పి అని నోరు విప్పరు, అదీ ఒక కారణమని నా అనుమానం.

ఈ సాయంత్రం మీ భుజం నొక్కి చూపించమనండి. బొటనవేలి పై కీలు విల్లులా వెనక్కి వంగుతోందా? తంటా అక్కడే. వేళ్ల కొసలతో ఒక కిలో బలంతో పట్టుకుంటేనే, బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద దాదాపు 12 కిలోలు పడుతుంది. ఆ వేలిని వంగనివ్వకపోవడం, వీలైనచోట ముంజేయీ మోచేయీ వాడటం, చేతి బలం బదులు ఒంటి బరువును వాడుకోవడం: ఆమెకు ఇప్పుడు కావలసిన ఎర్గోనామిక్స్ ఇదే. పేషెంట్ దగ్గర పక్కన నిలబడి తప్పు పట్టే మనిషి ఉంటేనే ఇది వస్తుంది.

వారాంతపు ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మీద నాకు మొదటి నుంచీ గురి లేదు. బరువులెత్తే పద్ధతి గురించి పాఠం చెప్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గుతాయనడానికి పరిశోధనల్లో గట్టి రుజువు దొరకలేదు. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి అలాంటివి రెండు చేశాడు. వాళ్ల క్లినిక్‌లో పేషెంట్‌ను పడుకోబెట్టే బల్ల ఎత్తు మార్చే మీట విరిగిపోయి ఉంది, రోజంతా వంగే పని చేసేవాడు. సర్టిఫికెట్ ఆ మీటను బాగు చేయదు కదా!

ఎర్గోనామిక్స్ మంచి రంగమే, కాదనను. కానీ అందులో నిలబడాలంటే పూర్తి స్థాయి పీజీ చదవాలి. కొన్నేళ్లు పేషెంట్లను చూసిన అనుభవం అక్కడా పనికొస్తుంది కాబట్టి ఆ దారి ఇప్పుడే మూసుకుపోదు. టెన్షన్ పడి ఈ ఏడాదే తేల్చేయనక్కర్లేదు.

మొదటి ఇంటర్వ్యూలో మాత్రం రెండు ప్రశ్నలు అడగమనండి: బల్ల ఎత్తు మారుతుందా, రోజుకు ఎంతమంది పేషెంట్లు? వాళ్లు నీళ్లు నమిలితే, అక్కడ జీతం కాస్త ఎక్కువైనా సరే, మరో చోటు చూసుకోమనండి.