పట్నా రేవుల బొమ్మలు చూసేముందు

అమ్మలూ,

రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు దొర చార్లెస్ డాయ్లీ గీసిన గంగ ఒడ్డు నీటిరంగుల బొమ్మల మీద పని మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషమో. ముప్పై ఏళ్లు పాత కాగితాల మధ్యే గడిపాను కాబట్టి కొన్ని చెప్పాలనిపించింది.

ముందు బొమ్మ అందంలో పడకు, ఆయన ఎక్కడ కూర్చుని గీశాడో కనుక్కో. పడవలోనా, ఒడ్డునా, తన బంగళా వరండాలోనా? డాయ్లీకి బొమ్మలు ఇష్టమే గానీ జీతం వేరే, 1821 నుంచి పట్నాలో ఈస్టిండియా కంపెనీ నల్లమందు ఏజెంటు. ఆ నల్లమందు పెట్టెలు కలకత్తాకు పడవల మీద పోయింది ఈ గంగలోనే. అందుకని ఆయన బొమ్మలో రేవున పడవ కనిపిస్తే, అందంగా ఉందని ముందుకు పోకుండా అందులో ఏముందో, దాన్ని ఎవరు మోశారో అడుగు.

ఆకాశం గులాబీ రంగులో ఉంటే మాత్రం సాయంత్రం అని రాసేయకమ్మా. ఆ రోజుల్లో మబ్బుల బూడిదరంగు కోసం నీలిమందులో ఎర్రమట్టి రంగు కలిపేవాళ్లు, ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే నీలి వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. నేనూ ఒకసారి ఒక బొమ్మకు సూర్యాస్తమయం అని కేటలాగులో రాశాను, తర్వాత మౌంటు, అంటే బొమ్మ చుట్టూ ఉండే అట్ట చట్రం, తీస్తే దాని అంచు కింద వెలుతురు తగలని అరంగుళం మేర ఆకాశం వానమబ్బులా ఉంది. చాలా రోజులు నిద్రపట్టలేదు. ఆ అంచు తప్పకుండా చూడు, కానీ నువ్వు చెయ్యి వేయకు, పాత బొమ్మల్ని బాగుచేసి కాపాడే అక్కడి కన్జర్వేటర్‌నే తీయమను.

ఇంగ్లండులో తయారైన వాట్‌మన్ కాగితం వాటర్‌మార్కులో, అంటే వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే గుర్తులో, ఏడాది ఉంటే అది దాదాపుగా కాగితం తయారైన ఏడాది. బొమ్మ అంతకన్నా పాతది కాదని మాత్రమే దాంతో తేలుతుంది, ఆ కాగితం తెచ్చే ఓడ ఆఫ్రికా చుట్టి రావడానికే నెలలు పట్టేది.

ఇంకోటి, డాయ్లీ 1824లో స్నేహితులతో బొమ్మల సంఘం పెట్టాడు, రాతి పలక మీద గీసి బొమ్మలు అచ్చువేసే లిథో ప్రెస్సు కూడా నడిపాడు. ఆ ప్రెస్సులో జైరాం దాస్ అనే పట్నా చిత్రకారుడు పనిచేశాడు. అచ్చుబొమ్మల దగ్గర ఆ పేరు వదిలిపెట్టకు, మన పుస్తకాల్లో ఆయనకు రావలసిన చోటు ఇంకా రాలేదని నాకు బాధ.

పట్నా వెళ్లకుండా ఒక్క పేజీ కూడా రాయకు. అక్కడి బాంకీపూర్‌లో 1786 నాటి గుండ్రటి ధాన్యపు కొట్టు గోల్‌ఘర్ ఇప్పటికీ ఉంది, దాన్ని సైన్యంలో ఇంజినీరైన రాబర్ట్ స్మిత్ కూడా గీశాడు, ఆ బొమ్మ పక్కన పెట్టుకుని చూడు. గంగ ఇప్పుడు చాలా రేవులకు దూరం జరిగింది, అందుకే వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి వెళ్లి ఎన్ని మెట్లు నీళ్లలో ఉన్నాయో రాసుకో. టికెట్లు తీసేముందు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ పెదనాన్న