ఓక్ చెట్ల మధ్య డబ్బా దాచే ముందు

చిరంజీవి రాధికకు పెదనాన్న ఆశీస్సులు.

మీ ఇంటి వెనుక గుట్ట మీది ఓక్ తోపులో జియోక్యాష్ (ఇతరులు అక్షాంశ రేఖాంశాలను బట్టి వెతికి పట్టుకునేలా దాచే డబ్బా) పెడతానని రాశావు. చాలా సంతోషం. ఎక్కడ దాస్తే సులువుగా దొరకదని అడిగావు కానీ, అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. దాచేది నువ్వొక్కదానివే, వెతికేవాళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు. వాళ్ల కాళ్లు ఎక్కడ పడతాయి, చేతులు ఎక్కడ తడుముతాయి?

నువ్వు చెప్పిన ఆనవాళ్లను బట్టి అవి కాలిఫోర్నియా తీరం వెంట సహజంగా పెరిగే ఓక్ చెట్లే. ఒక ఆకు తీసి చూడు. బోర్లించిన దొప్పలా వంగి, అంచున చిన్న ముళ్లుంటాయి. వెనక్కి తిప్పితే ఈనెలు చీలే మూలల్లో సన్నని నూగు కనిపిస్తుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, రెండు వందల ఏళ్లు దాటి బతుకుతుంది. అంతటి మానుకూ నీళ్లు తెచ్చే సన్నవేళ్లు నేల పైపొరలోనే, కొమ్మల నీడ దాటి పాకి ఉంటాయి. జనం పదే పదే తొక్కితే మట్టి బిగిసి వాటికి గాలి ఆడదు. అందుకే డబ్బాను చెట్టు మొదట్లో పెట్టకు. బాట మీద నిలబడి చెయ్యి చాస్తే అందే బండ సందో, పడిపోయిన దుంగ పక్కనో చూడు. మానుకు మేకు కొట్టకు. తొర్రలో పిట్టలుంటాయి, దాని జోలికి పోకు. 2000 మే 3న అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన పెట్టిన మొట్టమొదటి జియోక్యాష్ బకెట్ సగం నేలలో పాతిందే, కానీ ఇప్పటి నియమాల ప్రకారం నేల తవ్వకూడదు.

చెట్ల కింద పుల్లల గుట్టలు కనిపిస్తే అవి అడవి ఎలుకల గూళ్లు. ఒక్కో గూట్లో తరతరాలు కాపురముంటాయి. డబ్బా మీద పుల్లలు కప్పడం మనవాళ్లందరికీ అలవాటే కదా, వెతికేవాళ్లు గుట్ట కనపడగానే పెరికేస్తారు. కనుచూపులో గూడుంటే ఆ చోటు వదిలెయ్యి.

అక్షాంశ రేఖాంశాలు తీసుకునేటప్పుడు తొందరపడకు. దట్టమైన ఆకుల కింద ఫోను చూపే చోటు అటూ ఇటూ గెంతుతుంది. కాసేపు కదలకుండా ఉంచి చూసుకో, ఇంకో రోజు మళ్లీ వెళ్లి తీసి, రెండింటి సగటు రాసుకో. నువ్వు పది మీటర్లు తప్పితే వచ్చినవాళ్లు ఆ పది మీటర్ల నేలనూ కలియదొక్కుతారు. వెతికేవాళ్లకిచ్చే సూచన కూడా దాపరికం లేకుండా రాయి. తోపులో తిప్పలు పెట్టడం గొప్ప కాదమ్మా.

మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. పేరేగానీ అది ఓక్ కాదు. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలుగా ఉన్నప్పుడే ఎక్కువమంది మోసపోతారు, ఆ పుల్ల తగిలినా దద్దుర్లు తప్పవు. అది ఉన్నచోట డబ్బా వద్దు. ఇంటికి రాగానే పిడుదులేమైనా పట్టాయేమో కాళ్లు, మెడ చూసుకో.

నాకు అన్నిటికంటే బెంగ బురద గురించి. ఈ ఓక్‌లను నిలువునా ఎండబెట్టే తెగులొకటి 1990ల మధ్యలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో బయటపడింది. అప్పటినుంచి లక్షల చెట్లను తినేసింది. పక్కనుండే బే అనే ఘాటువాసన ఆకుల చెట్ల మీద అది పెరిగి, వానచినుకులతో ఓక్ మానుకు చేరుతుంది. తడిమట్టిలో బూట్లకంటుకుని ఒక తోపునుంచి ఇంకో తోపుకు పోతుంది. కాబట్టి వానలు వెలిశాక, నేల ఆరాక పెట్టు. బయలుదేరే ముందూ తిరిగొచ్చేటప్పుడూ బూట్ల అడుగున మట్టి బ్రష్షుతో గీకెయ్యాలని జియోక్యాషింగ్ సైట్‌లో డబ్బా వివరాల్లో మొదటి వాక్యంగా రాయి. చలికాలమంతా ఎవరూ వెతకకుండా దాన్ని సైట్‌లో తాత్కాలికంగా మూసి ఉంచినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ గుట్ట ఎవరి అధీనంలో ఉందో కనుక్కుని అనుమతి తీసుకో. దగ్గర్లోని మరో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. లోపల తినే వస్తువులు పెట్టకు, వాసనకు జంతువులు కొరికేస్తాయి. మూత గట్టిగా బిగిసే డబ్బా నా దగ్గర ఒకటుంది, పంపిస్తాను. అనుమతి వచ్చాక చెప్పు, చోటు ఖాయం చేసే ముందు ఒకసారి ఇద్దరం కలిసి నడిచి చూద్దాం.

మీ పెదనాన్న