షాక్ రాక్ మూలం ఆలిస్ కూపర్ కాదు

కాలేజీ సెమినార్‌కి షాక్ రాక్ (స్టేజి మీద భయపెట్టే వేషాలు, దృశ్యాలతో సాగే రాక్ సంగీతం) మీద రాస్తుంటే అమెరికన్ రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ దగ్గరే ఆగిపోయానని, అంతకు ముందు ఏం జరిగిందో తెలియక టెన్షన్‌గా ఉందని అన్నారు కదా. 1956కి వెళ్లండి, దారి దొరుకుతుంది.

అక్కడ స్క్రీమిన్ జే హాకిన్స్ ఉంటాడు. ఒపెరా పాడాలని కలగన్న అమెరికన్ నల్లజాతి గాయకుడు. 'ఐ పుట్ ఎ స్పెల్ ఆన్ యూ' మొదట మెల్లగా సాగే ప్రేమపాటే. రికార్డింగ్ రోజు అందరూ బాగా తాగేసి ఉండటంతో అది అరుపులు, మూలుగుల పాటైపోయిందని తర్వాత ఆయనే చెప్పాడు. కొన్ని రేడియో స్టేషన్లు వేయనన్నాయి. డీజే అలన్ ఫ్రీడ్ మాత్రం, శవపేటికలోంచి లేచి పాడితే 300 డాలర్లు ఇస్తానన్నాడు. జే ముందు ఒప్పుకోలేదు, చివరికి సరే అన్నాడు. ఇక స్టేజి మీద పొగ, పేటిక మూత లేవడం, నల్ల కేప్, చేతిలో కర్ర, దాని చివర హెన్రీ అనే పుర్రె! ఆ వేషం చాటున అంత గొప్ప గొంతు మరుగున పడిపోయిందని నాకు ఇప్పటికీ బాధ.

తర్వాతి మెట్టు ఇంగ్లండ్. 1968లో ఆర్థర్ బ్రౌన్ ముఖానికి రంగు పూసుకుని, తలమీద మంటతో 'ఫైర్' పాడాడు. ఆ తర్వాతే మీ ఆలిస్ కూపర్. 1973 టూర్‌లో ఆయన గిలటిన్ (తల నరికే యంత్రం) దృశ్యంలో తలారి వేషం వేసింది ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ. ఇది తప్పకుండా చేర్చండి.

సెమినార్‌ని శవపేటికతోనే మొదలుపెట్టండి, సగం సమయం జేకే ఇవ్వండి.