‘బట్టి’ కనబడితే కారణమేనా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. బాబు మరాఠీ బడిలో చదువుతున్నాడు, ఇంట్లో తెలుగు నేనే చెబుతున్నాను. సమాచార వ్యాసంలో విషయం వరుసక్రమంలో ఉందా, కారణం–ఫలితంగా ఉందా అని గుర్తించడానికి ‘తర్వాత’, ‘కాబట్టి’ లాంటి మాటల కింద గీతలు గీయిస్తున్నాను. ‘నారు ముదరబట్టె’ అన్నచోట వాడు ‘కారణం’ అని రాశాడు. తప్పేనా?

సమాధానం: తప్పే. కాని ‘బట్టి’ వాసన పసిగట్టాడు గదా, అది చిన్న సంగతేం కాదు.

‘కాఁబట్టి’ అంటే ‘కాన్’ మీద ‘పట్టి’. ద్రుతం (చివరి ‘న్’) మీది పరుషం ‘ప’ సరళం ‘బ’ అయింది. అరసున్న ముద్రణలో ఎగిరిపోయింది గనక ఇప్పుడు ఆ అతుకు ఎవరికీ కనబడదు. ఉన్న క్రియ ‘పట్టు’. ఒక పని జరగడాన్ని పట్టుకొని మరొకటి వస్తే అది హేతువు: ‘నారు ముదరబట్టి పిలకలు తగ్గినయి’. పని పట్టుబడితే, అంటే మొదలైతే, మీ వైపు, గోదావరి ఇవతల తెలంగాణలోనూ ‘ముదరబట్టె’ అంటారు. చివరి అచ్చు ఒక్కటి మారితే కారణం పోయి కాలం వచ్చింది. ఇక ‘పొగను బట్టి నిప్పుందని తెలిసింది’ అన్నప్పుడు సంగతి ఇంకా వేరు. పొగ నిప్పును పుట్టించలేదు, పట్టిచ్చింది. పాతవాళ్లు నారు ముదరడం లాంటిదాన్ని కారక హేతువనీ (పుట్టించేది), పొగ లాంటిదాన్ని జ్ఞాపక హేతువనీ (తెలియజేసేది) విడదీశారు. మన పాఠాల్లో రెండింటికీ ఒకటే గీత.

అందుకే గీతలు చాలవు. ఈ పేరా చూడండి: ‘విత్తనాలు 24 గంటలు నానబెట్టాలి. మరో 24 గంటలు గోనెసంచిలో మండె (మొలక కోసం మూట) కట్టాలి. మొలక వచ్చాక నారుమడిలో చల్లాలి. 21 నుంచి 25 రోజుల నారు పీకి నాటాలి.’ ‘తర్వాత’ అన్న మాట ఎక్కడా లేదు, అయినా ఇది వరుసక్రమమే. రెండో వాక్యాన్ని మొదటికి తెస్తే వ్యవసాయం చెడుతుంది. ‘పిలకలు తగ్గినయి, నారు ముదిరింది గనక’ అని తిప్పి రాస్తే మాత్రం అర్థం చెడదు, అది కారణం. ‘ఆలస్యంగా నాటిన తర్వాత పిలకలు తగ్గినయి’ అంటే? ‘తర్వాత’ ఉన్నా అడగవలసింది ‘ఎందుకు?’ అనే. వాక్యాలు తారుమారు చేసి చూడమనండి, ఆ తర్వాతే గీత గీయమనండి.

వ్యాసంలో విషయాన్ని అమర్చే తీరులు ఇంకా ఉన్నాయి. పోలిక–తేడాకు ‘అయితే’, ‘మాత్రం’ ఉంటాయి. వేమన ఉప్పూ కప్పురమూ గుర్తుంటే చాలు. సమస్య–పరిష్కారం పేరాలో చివరికి చేయవలసిన పని ఉంటుంది.

పిల్లల్ని అనేముందు పత్రికల్ని అనాలి. ‘ఈ నేపథ్యంలో’ అని ఒకటి పట్టుకున్నారు. ‘వర్షాలు కురిసిన నేపథ్యంలో రాకపోకలు నిలిచాయి’ అట! వర్షాల వల్లా, వర్షాల తర్వాతా, వర్షాలప్పుడా? రాసినవారికీ తెలియనక్కర్లేకుండా పోయింది.

మీవాడికి మరాఠీ ‘మ్హణూన్’ తెలుసు గనక ఒక దారి ఉంది. దాని మూలార్థం మన ‘అని’ లాంటిదే. వాడుకలో ‘కాబట్టి’ కూడా. మన ‘అందుకని’లోనూ ఆ ‘అని’యే కూర్చుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపండి.

‘ముదరబట్టె’ను తప్పుపలుకు అనను. పరీక్షలో ‘ముదరసాగింది’ అని రాస్తే దిద్దేవారికి సందేహం రాదు. ఇంట్లో మీ మాటే ఉంచండి. మార్కు సగం వేయవచ్చునేమో.