డిబేట్ చూసే రాత్రి ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకో

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సిటిజెన్‌షిప్ ప్రమాణం అయ్యాక నువ్వు చిన్న జెండా పట్టుకుని దిగిన ఫొటో మీ అమ్మ పంపింది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వచ్చే అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మొదటి ఓటు వేస్తాను, అభ్యర్థుల టీవీ డిబేట్ ఎలా చూడాలో చెప్పు పెద్దమ్మా అన్నావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాసి పంపుతున్నాను.

ముందు నా సంగతి విను. నా మొదటి ఓటు 2000లో. అక్టోబర్ 3న బోస్టన్‌లో బుష్, గోర్‌ల మొదటి డిబేట్. మా డాలస్ ఇంటికి నాలుగు కుటుంబాలను పిలిచాను. పులిహోర, మిర్చిబజ్జీలు, పిల్లల గోల. బుష్ మాట్లాడుతున్నంతసేపూ గోర్ మైకులో వినపడేట్టు నిట్టూరుస్తుంటే మేమంతా పగలబడి నవ్వాం. మర్నాడు ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆవిడ, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, "సోషల్ సెక్యూరిటీ విషయంలో నీకు ఎవరి మాట సబబుగా అనిపించింది?" అని అడిగింది. ఆ ప్రభుత్వ పింఛను డబ్బుని వేరే ఖర్చులకు ముట్టుకోకుండా తాళం వేసి ఉంచాలని గోర్, పడుచువాళ్ళు అందులో కొంత సొంత ఖాతాల్లో పెట్టుబడి పెట్టుకోవచ్చని బుష్ రాత్రి గట్టిగానే వాదించుకున్నారు. నాకు మాత్రం నిట్టూర్పులు తప్ప ఒక్క ముక్క గుర్తు లేదు. ఆవిడ రేపటి పింఛను నా ఓటు మీద కూడా ఆధారపడి ఉందని అప్పుడు తట్టింది. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ మనసులో ఉంది. అప్పటినుంచి డిబేట్ రాత్రి నా ఒళ్ళో నోట్‌బుక్ ఉంటుంది.

డిబేట్‌కి రెండు మూడు రోజుల ముందే, వాళ్ళు ఏం చెబుతారోనని ఎదురుచూడకుండా, నువ్వు ఏం తెలుసుకోవాలో రాసుకో. మూడు చాలు. మీ తమ్ముడు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నాడు కాబట్టి అది మొదటిదిగా రాస్తావని తెలుసు. రాయి, కానీ ఒకటి గుర్తు పెట్టుకో. ఈ క్యూలో ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశంవాళ్ళకు ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, చేసిన చట్టంలో ఉంది. అధ్యక్షుడు సంతకం పెట్టి తీసేసేది కాదు. అందుకని ఎవరైనా "నేను రాగానే సరిచేస్తా" అంటే అక్కడ ఆగకు, కాంగ్రెస్‌తో ఎలా చేయిస్తాడో చెప్పాడా అని చూడు. డిబేట్‌లో వినే వాగ్దానాల్లో చాలావాటికి ఇదే పరీక్ష. మీ కాంగ్రెస్ సభ్యుడు ఎవరో, ఈ విషయంలో ఆయన మాట ఏమిటో కూడా అదే పేజీలో రాసుకో.

ఇక ఆ రాత్రి. పేజీ మధ్యలో గీత గీసి, అటొకరి పేరు, ఇటొకరి పేరు రాయి. మోడరేటర్ అడిగిన ప్రశ్నని నాలుగైదు మాటల్లో ఎక్కించు. జవాబు సూటిగా వస్తే టిక్కు, రాకపోతే సున్నా. జవాబు నీకు నచ్చిందా లేదా అన్నది అప్పుడు పట్టించుకోకు.

2024 సెప్టెంబర్ 10న ట్రంప్, హ్యారిస్‌ల ఫిలడెల్ఫియా డిబేట్ నాటి నా పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. మొదటి ప్రశ్న హ్యారిస్‌కి: నాలుగేళ్ళ కిందటి కంటే జనం ఆర్థికంగా మెరుగ్గా ఉన్నారా? ఆమె తను మధ్యతరగతి ఇంట్లో పెరిగిన సంగతి చెప్పింది, కొత్తగా చిన్న వ్యాపారం పెట్టేవాళ్ళకు 50,000 డాలర్ల పన్ను మినహాయింపు ఇస్తానంది. మెరుగ్గా ఉన్నారనీ అనలేదు, లేరనీ అనలేదు. సున్నా. అబార్షన్‌ను దేశమంతటా నిషేధించే బిల్లు వస్తే వీటో చేస్తారా అని ట్రంప్‌ని అడిగారు. ఆ అవసరమే రాదంటాడు గానీ చేస్తాననీ చెయ్యననీ తేల్చడు. సున్నా. ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్ స్థానంలో మీ ప్లాన్ ఏమిటంటే ప్లాన్‌కు సంబంధించిన ఆలోచనలు ఉన్నాయన్నాడు. ఇంకో సున్నా. మర్నాడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన వీడియోలన్నీ, వలస వచ్చినవాళ్ళు తింటున్నారని ట్రంప్ అన్న కుక్కలూ పిల్లుల మాటే. ఈ మూడు ప్రశ్నల దగ్గర ఇద్దరూ నీళ్ళు నమిలారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

నీకు నచ్చిన మనిషికి సున్నా వెయ్యడానికి చెయ్యి రాదు, అమ్మడూ. నాకూ రాదు. అయినా వెయ్యి. అక్కడ చెయ్యి వెనక్కి తీస్తే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు.

ఎవరైనా లెక్క చెబితే, ఇన్ని లక్షల ఉద్యోగాలనో ఇంత శాతం ధరలనో, పక్కన చుక్క పెట్టి వదిలెయ్యి. అప్పటికప్పుడు ఫోన్ తీసి వెతికావంటే తరవాతి రెండు ప్రశ్నలు పోతాయి. ఫోన్ వేరే గదిలో పెట్టడమే మంచిది. మీ అత్తగారు కూడా ఓటరే కదా, ఆవిడ కోసం టీవీలో క్యాప్షన్లు పెట్టు. ఆ వేగంలో ఇంగ్లిష్ పట్టుకోవడం నాకే కష్టం.

మధ్యలో ఒక పది నిమిషాలు కళ్ళు మూసుకుని విను. 1960లో కెనడీ, నిక్సన్‌ల మొదటి టీవీ డిబేట్ నాటికి నిక్సన్ మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చి పాలిపోయి ఉన్నాడు. ఆ రాత్రి గురించి ఈ రోజుకీ జనం చెప్పుకునేది అతని ముఖం గురించే. వాళ్ళు ఏ విషయం మీద వాదించుకున్నారో పదిమందిని అడిగి చూడు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది. చివరి మాట అయిపోగానే టీవీ కట్టెయ్యి. ఎవరు నెగ్గారో చెప్పడానికి ప్రతి చానల్లోనూ నలుగురు సిద్ధంగా కూర్చుని ఉంటారు. 1976లో అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్, కార్టర్‌తో రెండో డిబేట్‌లో, తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం లేదనేశాడు. ఆ రాత్రి సర్వేల్లో ఫోర్డే బాగా మాట్లాడాడన్నవాళ్ళు ఎక్కువ. టీవీలూ పత్రికలూ ఆ మాటని పట్టుకున్నాక ఒకటి రెండు రోజుల్లో జనం అభిప్రాయం కార్టర్ వైపు తిరిగింది. ఫోర్డ్ అన్నది పెద్ద తప్పే, కాదనను. కానీ అది తప్పని నీకు నువ్వుగా తోచడం వేరు, ఎవరో చెప్పాక నీకూ తోచడం వేరు. అందుకే పడుకునే ముందు, ఎవరితోనూ మాట్లాడకుండా, ఆ పేజీ కింద నీ అభిప్రాయం రెండు మూడు వాక్యాల్లో రాసిపెట్టుకో. మీ ఆయనకి కూడా ఆ రాత్రి చూపించకు.

మర్నాడు డిబేట్ పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది. టిక్కులు, సున్నాలు, చుక్కలు ముందర పెట్టుకుని చదువు. నేను చదివిన ప్రతిసారీ ఒకటి రెండు సున్నాలు టిక్కులుగా, టిక్కులు సున్నాలుగా మారాయి. చుక్కలు పెట్టిన లెక్కలు అప్పుడు తీరిగ్గా సరిచూసుకో.

ఇంకో సంగతి. న్యూజెర్సీలో ఓటరు రిజిస్ట్రేషన్ ఎన్నికకు 21 రోజుల ముందే అయిపోవాలి. డిబేట్‌ల హడావుడిలో పడి అది మర్చిపోకు, ఈ వారమే చేసుకో.

డిబేట్ అయిపోగానే నాకు ఫోన్ చేస్తానన్నావు. ఆ రాత్రి వద్దమ్మా. మర్నాడు సాయంత్రం, ఆ పేజీ చేతిలో పెట్టుకుని చెయ్యి. నాదీ తీసి ఉంచుతాను, నీవి నువ్వు చదువు, నావి నేను చదువుతాను.

మీ పెద్దమ్మ